గృహమున ఛాయాచిత్రములు - వాని సంరక్షణము



మన పెద్దలనాడు ఇంటికి రెండో మూడో ఛాయాపటము లుండెడివి. పెండ్లినాటిది యొకటి, గతించిన పెద్దలది యొకటి చట్రము కట్టించి నట్టింటి గోడకు వ్రేలాడదీసి, పండుగనాడు తుడిచి బొట్టుపెట్టుటయే గృహిణికి వానియెడ నుండిన పని. ఇప్పుడో, చేతిఫోనున్న ప్రతి యింటను వేలకొలది చిత్రములు పేరుకొనుచున్నవి. అన్నిటిని గోడ కెక్కింపలేము. పాఱవేయుటకు మన సొప్పదు. ఈ క్రొత్త సంపదను సర్దుకొనుటలో నేను పడిన పాట్లును, నేర్చిన పాఠములును మీకు నివేదింపదలచితిని.

మాది నంద్యాల జిల్లాలోని ప్యాపిలి. నా భర్తగారు ఉపాధ్యాయులు. నేను బడికి బోయి చదివినదానను గాను. మా నాయనగారు ఇంటివద్దనే అమరమును, కొన్ని కావ్యములను చెప్పిరి. కంప్యూటరు మా యింటికి వచ్చిన క్రొత్తలో పికాసా యను సాధనమును భర్తగారే నాకు నేర్పిరి. గూగుల్ సంస్థ 2004వ సంవత్సరమున దానిని తనదిగా చేసికొని, పెక్కేండ్లు ఉచితముగా నిచ్చి, 2016 మార్చి 15వ తేదీతో దాని పోషణమును మానుకొనెను. అంతకు ముందే, 2015 మే నెలలో, గూగుల్ ఫోటోస్ అను క్రొత్తది వెలువడియుండెను. పోషణము మానినను, యంత్రమున నున్న పికాసా పనిచేయుచునే యుండుటచే మేము దానినే నమ్ముకొంటిమి. పోయిన యేడు ఆ ప్రాత కంప్యూటరు మూలబడగా, నేడు వాడుకలోనున్న క్రొత్త సాధనములలో నొకదానికి మాఱక తప్పదయ్యెను.

మాఱిన మొదటి వారము నాకు దిక్కు తోచలేదు. మా ప్రాత పద్ధతిలో పండుగ కొక ఫోల్డరు, ఊరి కొక ఫోల్డరు. క్రొత్తదానిలో నన్నియు తేదీవరుసను ఒక్కటే యేఱై పాఱుచుండెను. డబ్బాలలో సర్దిన బియ్యము, పప్పు, చింతపండు నొక్క గాదెలో గ్రుమ్మరించినట్లు తోచెను. విసిగి భర్తగారితో మొఱపెట్టుకొనగా, “ప్రాతది పోయినదని వగచుటకంటె, క్రొత్తది యే న్యాయమున నడచుచున్నదో కనుగొనుము” అనిరి.

ఆలోచింపగా ఆ న్యాయము నాకు తెలిసినదే. అమరకోశమున మాటలు అక్షరక్రమమున నుండవు. దేవతల పేళ్లు స్వర్గవర్గమునను, చెట్ల పేళ్లు వనౌషధివర్గమునను వెదకవలెను. నిఘంటువున నవే మాటలు అక్షరమునుబట్టి దొరకును. క్రమము వేఱైనంతమాత్రమున మాట పోదు. ఇందును అంతియే. తేదీవరుస నిఘంటువు వంటిది; మనము కూర్చు ఆల్బము వర్గము వంటిది. అయితే ఈ పోలికలోని సూక్ష్మము నొకటి నేను మఱచితిని. ఆల్బము చిత్రములుంచు పెట్టె కాదు, చిత్రముల జాబితా మాత్రమే. చిత్రము ఒక్కచోటనే యుండును. జాబితాలు ఎన్నియైన నుండవచ్చును.

ఈ మఱపు నాకెంత ముప్పు తెచ్చెనో వినుడు. రెండేండ్ల క్రిందట మా అత్తగారిని వెంటబెట్టుకొని ఎగువ అహోబిలమునకు బోయితిమి. ఆ చిత్రములన్నిటిని ‘అహోబిలము’ అను ఆల్బముగా కూర్చితిని. పిదప నవే చిత్రములు తేదీవరుసలోను కనబడెను. ఒకే వస్తువు రెండుచోట్ల నేల యని, అదనపు ప్రతులనుకొని, వరుసలోని వానిని తొలగించితిని. మఱునాడు చూడగా ఆల్బము శూన్యము!

అత్తగారు ఆ యాత్ర జరిగిన మూడు నెలలకే పరమపదించిరి. ఆమె నవ్వుచు నిలిచిన చిత్రము మా కది యొక్కటే. ఆ పూట నాకు చేతు లాడలేదు. వంట యెట్లు చేసితినో యెఱుగను. భర్తగారు బడినుండి వచ్చి, సంగతి విని, ఒక్కమాటయు ననక కూర్చుండిరి. ఆ మౌనమే నాకు దుస్సహమయ్యెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ఫోను తీసికొని, చెత్తబుట్ట గుర్తు నొత్తి, “జేజి యిక్కడనే యున్నదమ్మా!” అని కేకవేసెను. తొలగించినవి వెంటనే నశింపక కొన్ని దినములు ఆ బుట్టలో నుండునట. తప్పు సాధనముది గాదు, నా తొందరపాటుది.

కావున సోదరీమణులు గమనింపవలసిన విషయములు కొన్ని కలవు. గూగుల్ ఫోటోస్ విషయమున, దూరపు భాండారమునకు చేరిన చిత్రము చెత్తబుట్టలో 60 దినములును, చేరనిది 30 దినములును నిలుచును; పిదప దొరకదు. ‘ఆల్బమునుండి తీయుట’ వేఱు, ‘తొలగించుట’ వేఱు. మొదటిది జాబితానుండి పేరు కొట్టివేయుట. రెండవది చిత్రమునే పోగొట్టుట. ఫోనులో చోటు చాలనిచో, భాండారమునకు చేరినవానిని ఫోనునుండి మాత్రము తీసివేయు ఏర్పాటు ప్రత్యేకముగా నున్నది, దానినే వాడవలెను. ఉచితముగా నిచ్చు చోటు 15 జీబీలు. అందు ఉత్తరములును, ఇతర దస్త్రములును కలిసియే లెక్క. 2021 జూన్ 1వ తేదీనుండి చేర్చిన చిత్రములు సాధారణముగా నీ లెక్కలోనికే వచ్చుచున్నవి.

ప్రాత పటములకు మఱియొక చిక్కు కలదు. మా మామగారి యౌవనమునాటి పటమును ఫోనుతో చిత్రించగా, అది ఈ సంవత్సరపు సంక్రాంతి ముగ్గుల నడుమ పోయి కూర్చుండెను. యంత్రము చిత్రము తీసిన దినమునే యెఱుగును గాని, పటములోని కాలము నెఱుగదు. తేదీని మనమే దిద్దవలెను. వాట్సప్‌లో మామూలుగా పంపిన చిత్రము నాణ్యమును తఱుగును, తేదీ మొదలగు గుర్తులను పోగొట్టుకొనును. బంధువులనుండి ముఖ్యమైన చిత్రమును తెప్పించుకొనునపుడు, దస్త్రముగా బంపుమని కోరుట మేలు.

ఇక మెఱుగులు దిద్దుట. దొరికిన అత్తగారి చిత్రమును మా అమ్మాయి ముచ్చటపడి దిద్దెను. ముఖముపై వెలుగు పెంచెను. అంచున అడ్డముగా కనబడిన దేదియో తుడిచివేసెను. భర్తగారు చూచి, “ఇచ్చట నొక చేయి యుండవలెనే, ఏమైనది?” అనిరి.

“ఎవరిదో చేయి, నాయనా! బొమ్మకు అందముగా లేదని తీసివేసితిని.”

“ఎవరిదో కాదు, మీ అమ్మది. జేజి మెట్లెక్కలేక తూలినపుడు మోచేయి పట్టుకొని నిలిపినది.”

అమ్మాయి మాటాడలేదు. మెల్లగా వెనుకకు మఱలించు గుర్తు నొత్తెను. వెలుగు తగ్గెను, చేయి తిరిగి వచ్చెను. ఇట్టి సాధనములలో పెక్కింటియందు దిద్దుబాటు వేఱుగా నుండి, మూలము చెడక నిలుచును. కాని దిద్దినదానిని వేఱు ప్రతిగా దాచి, మూలమును తొలగించినచో నిక తిరిగిరాదు. ముడుతలు చెఱపుటయు, మనుష్యులను మాయముచేయుటయు నేడు క్షణములో జరుగు పనులు. చేయుటకు ముందు ఆ పటములోని సంగతి నెఱిగినవారి నొకమాట అడుగుట మఱవకుడు.

నే నిప్పుడు నెలకొక సాయంకాలము ఈ పనికై యుంచుకొంటిని. మసకలైనవానిని తీసివేయుదును, ముఖ్యమైనవానికి ఊరు, సంవత్సరము, మనుష్యుల పేళ్లు తెలుగుననే వ్రాయుదును, మఱియొక ప్రతిని వేఱు డిస్కులో దాచుదును. ఒక్కచోటనే యున్న వస్తువును భద్రమైనదని యనుకొనరాదు. అత్తగారి చిత్రమును మాత్రము అచ్చు వేయించి, చట్రము కట్టించి నట్టింట నుంచితిమి. చూడవచ్చినవారు అంచుననున్న ఆ సగము చేయి యెవరిదని యడుగుదురు. మా అమ్మాయియే సమాధానము చెప్పును.