మీకు తెలుసా? చెప్పుల కింద పెట్రోలు గుట్టు!

మల్యాల నుంచి కొండగట్టు అంజన్న దగ్గరికి బయల్దేరారు. దారిలో బంకు కనిపిస్తే బండి ఆపారు. మీ చెప్పుల కింద ఏముందో తెలుసా? ట్యాంకు! బంకుల్లో మామూలుగా వాడే ట్యాంకు ఒక్కదానిలోనే 20 వేల లీటర్లు పడుతుంది. అదంతా భూమిలోపలే!

ఆ ట్యాంకుకు చిన్న చిల్లు పడిందనుకోండి. సెకనుకు ఒక్క చుక్క కారుతోంది. ఒక్క చుక్కే కదా అంటారా? ఏడాది తిరిగేసరికి దాదాపు 1,500 లీటర్లు! ఎవరి కంటా పడకుండా మట్టిలోకి ఇంకిపోతుంది!

ఇంకో సంగతి వినండి. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. క్యాన్సర్ తెచ్చే రసాయనం! మన దేశంలో పెట్రోలులో అది ఒక శాతం దాటకూడదు. ఆ ఒక్క శాతమే ఎంత పని చేస్తుందో చూడండి. లీటరు పెట్రోలులోని బెంజీన్ 8 లక్షల లీటర్లకు పైగా నీళ్లను తాగడానికి పనికిరాకుండా చేయగలదు!

తాగితే తెలిసిపోతుందిలే అనుకుంటున్నారా? తెలియదు! నీళ్లలో బెంజీన్ రుచి నాలుకకు తగిలేసరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఎంతో తెలుసా? కనీసం 50 రెట్లు!

పోనీ, కాచి తాగుదామా? వద్దు! బెంజీన్ 80 డిగ్రీలకే మరిగిపోతుంది. నీళ్లకన్నా ముందే! గిన్నెలోంచి లేచి వంటింటి గాలిలో కలుస్తుంది. అంటే, తాగకుండా తప్పించుకున్నదాన్ని పీలుస్తాం!

పెట్రోలు నీళ్లలో మునగదు, తేలుతుంది! లీటరు తూకం దాదాపు 750 గ్రాములే మరి. ఎండాకాలం భూమిలో నీళ్లు దిగితే వాటితోపాటే దిగుతుంది. వానలు పడితే మళ్లీ పైకొస్తుంది. దిగినంత మేరా, ఎక్కినంత మేరా మట్టికి పూసుకుంటూ పోతుంది!

మన దిక్కు నేల కింద ఉన్నది రాయి. బోర్లలో నీళ్లు ఆ రాతి పగుళ్లలోంచే వస్తాయి. పగులు వెడల్పు రెండింతలైతే పారే నీళ్లు ఎన్ని రెట్లవుతాయో చెప్పండి? రెండు కాదు, ఏకంగా 8 రెట్లు! కారిన పెట్రోలుకూ అదే దారి!

ఊళ్లో పాడుబడ్డ బావి ఉందా? జాగ్రత్త! పెట్రోలు ఆవిరి గాలికన్నా 3 నుంచి 4 రెట్లు బరువు. ఎగిరిపోదు, పల్లంలోకి జారి అక్కడే పేరుకుంటుంది. బావిలో పెట్రోలు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి!

ట్యాంకులో పెట్రోలు తగ్గితే కారినట్టేనా? కానే కాదు! వేడి పది డిగ్రీలు తగ్గిందంటే 20 వేల లీటర్ల లెక్కలో దాదాపు 200 లీటర్లు మాయం! చుక్క కూడా కారలేదు, చల్లబడి ముడుచుకుందంతే! అందుకే డిప్ రాడ్‌తో మట్టం కొలిస్తే సరిపోదు. వేడినీ లెక్కలోకి తీసుకోవాలి!

అమెరికాలో ట్యాంకుల్లో మీటర్లు పెడతారు. అవి ఎంత చిన్న లీకును పట్టాలో తెలుసా? గంటకు 757 మిల్లీలీటర్లు! వేల లీటర్ల ట్యాంకులో ముప్పావు లీటరు తేడా! అయినా అక్కడ 1984 నుంచి బయటపడ్డ లీకులు 5 లక్షలు దాటాయి!

అంత దూరం ఎందుకు? మన పక్కనే చెన్నై ఉంది. అక్కడి తండయార్‌పేటలో 2013లో ఇళ్ల బోరు నీళ్లు పెట్రోలు వాసన కొట్టాయి! భూమిలోని పైపులైను కారింది. మోటారు వేస్తే వచ్చింది ఆ నీళ్లే!

కొత్త బంకు బడికీ, ఆసుపత్రికీ, ఇళ్లకూ ఎంత దూరంలో ఉండాలో తెలుసా? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పిన లెక్క 50 మీటర్లు!

ఇది వింటే గర్వంగా ఉంటుంది! చమురును తినే బ్యాక్టీరియాను తయారు చేసింది మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్తే. ఆనంద చక్రవర్తి! దానికి పేటెంటు ఇవ్వాల్సిందేనని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణమున్న సూక్ష్మజీవికి పేటెంటు!

చివరిగా ఒకటి. బోరు నీళ్లలో బెంజీన్ ఉందో లేదో తేల్చే గాజు సీసా ఎంతుంటుందో తెలుసా? 40 మిల్లీలీటర్లు! అంచుదాకా నింపాలి. లోపల గాలి బుడగ ఒక్కటీ మిగలకూడదు. మిగిలితే బెంజీన్ నీళ్లలోంచి ఆ బుడగలోకి జారుకుంటుంది! మీ బోరు బంకు పక్కనే ఉందా? అయితే ఆ సీసాడు నీళ్లు ఒక్కసారి పరీక్షకు పంపించండి!