ఒక దీవికి కరెంటు ఎక్కణ్ణుంచి తేవాలి?



హైస్కూలు సైన్సులో "శక్తి వనరులు" పాఠం ఏదో ఒక తరగతిలో, ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పిల్లలు బాగానే చదువుతారు. బొగ్గు తరిగిపోయే వనరు, పొగ వస్తుంది. ఎండ తరగని వనరు, పొగ రాదు. ఈ జవాబుకు పరీక్షలో మార్కులు పడతాయి. కానీ "రేపటి నుంచి ఒక ఊరికి కరెంటు ఇచ్చే బాధ్యత నీదే. దేంతో ఇస్తావు? ఎంత ఖర్చవుతుంది? రాత్రి ఏం చేస్తావు?" అని అడిగి చూడండి. చాలామంది ఆగిపోతారు. పెద్దవాళ్లమైనా ఆగిపోతాం.

ఈ నెల ఆ ప్రశ్న మీద మీరూ మీ పిల్లలూ కలిసి కూర్చోవాలని ఈ వ్యాసం. ఉదాహరణకు మనకు బాగా దగ్గరైన ఒక దీవిని తీసుకుందాం.

అండమాన్ ఎందుకు?

విశాఖ పోర్టులో ఓడ ఎక్కితే అండమాన్ సుమారు 1200 కిలోమీటర్లు. రెండు రోజులకు పైగా ప్రయాణం. రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 3.8 లక్షల మంది ఉంటే, అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువుల్లోనూ ఎవరో ఒకరు అక్కడ ఉండే ఉంటారు.

అక్కడి విద్యుత్ శాఖకు దేశంలోని మిగతా గ్రిడ్‌తో సంబంధం లేదు. దీవుల మధ్య కూడా ఒకే లైను లేదు. ఎక్కడి పవర్‌హౌస్ అక్కడే. చాలాచోట్ల నడిచేది డీజిల్ జనరేటర్.

ముందు మన ఊరి లెక్క

పోలికకు మన పరవాడ చాలు. ఎన్టీపీసీ సింహాద్రిలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 2000 మెగావాట్లు. మొదటి యూనిట్ 2002లో, నాలుగోది 2012లో వచ్చాయి. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు వైపు నుంచి రైల్లో వస్తుంది. చల్లబరచడానికి సముద్రపు నీరు వాడతారు.

మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారు కావాలంటే సుమారు 700 గ్రాములు కాలాలి. నాలుగు యూనిట్లూ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 4 కోట్ల 80 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే 33 వేల టన్నులకు పైగా బొగ్గు. గూడ్సు బండికి నాలుగు వేల టన్నులు వేసుకుంటే రోజుకు ఎనిమిది బళ్లు. ఇందులో మూడో వంతు బూడిదగా మిగులుతుంది. ఈ గుణకారం మీ పిల్లల చేత చేయించండి. కిటికీలోంచి కనిపించే ఆ పెద్ద కూలింగ్ టవర్ల వెనక ఎంత పని జరుగుతోందో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

మరి అలాంటిదే అండమాన్‌లో ఎందుకు పెట్టరు? అక్కడి మొత్తం అవసరం వంద మెగావాట్లకు లోపే. సింహాద్రిలోని ఒక్క యూనిట్‌కు కూడా అక్కడ పని చాలదు. పైగా దీవి కరెంటుకు ఒక నియమం ఉంది: ఏ ఒక్క మిషనూ మరీ పెద్దది కాకూడదు. పెళ్లి భోజనాలకు ఒకే పెద్ద గుండిగలో పప్పు వండి, అది కాస్తా అడుగంటితే బంతి మొత్తం ఆగిపోతుంది. నాలుగు చిన్న గిన్నెల్లో వండితే ఒకటి పాడైనా మిగతావాటితో నడిపించవచ్చు. ఇక్కడ ఒక యూనిట్ ఆగితే గ్రిడ్‌లో వేరే రాష్ట్రాల నుంచి కరెంటు అందుతుంది. దీవికి పక్కింటివాళ్లంటూ ఎవరూ లేరు.

ఒక్కొక్క దారీ చూద్దాం

డీజిల్: మిషను చిన్నది, త్వరగా పెట్టవచ్చు, మీట నొక్కితే నిమిషాల్లో నడుస్తుంది, వానా చీకటీ దానికి లెక్కలేదు. సమస్యల్లా ఖర్చు. లీటరుకు సుమారు మూడున్నర యూనిట్లే వస్తాయి. లీటరు 90 రూపాయలనుకుంటే ఇంధనానికే యూనిట్‌కు 25 రూపాయలు దాటుతుంది. మీ ఇంటి బిల్లు పక్కన పెట్టి చూడండి. అక్కడి ప్రజల దగ్గర అంత వసూలు చేయరు, తేడాను ప్రభుత్వం భరిస్తుంది. అంటే దేశంలో పన్ను కట్టే మనందరం భరిస్తున్నాం.

ఎండ: ఇంధనం ఖర్చు లేదు. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఎన్ఎల్‌సీ సంస్థ 20 మెగావాట్ల సోలార్ కేంద్రాన్ని బ్యాటరీతో కలిపి 2020లో నడపడం మొదలుపెట్టింది. బ్యాటరీలో పట్టేది 8 వేల యూనిట్లు. ఇంటికి రాత్రికి నాలుగు యూనిట్లు చాలనుకుంటే రెండు వేల ఇళ్లకు ఒక్క రాత్రి. మబ్బు పట్టినప్పుడు కరెంటు ఎగుడుదిగుళ్లు లేకుండా చూడటానికి ఆ బ్యాటరీ బాగా పనికొస్తుంది. నెలల తరబడి వానలు పడే చోట ఊరంతటినీ నడిపించాలంటే మాత్రం చాలదు. స్థలమూ కష్టమే. దీవుల్లో నూటికి ఎనభై వంతులకు పైగా అడవే, అందులో ఆదిమ తెగల కోసం కేటాయించిన ప్రాంతాలున్నాయి.

స్థలం సమస్యకు ఒక జవాబు మన ఊళ్లోనే ఉంది. సింహాద్రి రిజర్వాయరు నీటి మీద 75 ఎకరాల్లో 25 మెగావాట్ల తేలే సోలార్ కేంద్రం 2021లో మొదలైంది. లక్షకు పైగా పలకలు. దాదాపు 7 వేల ఇళ్లకు సరిపోతుందని అంచనా. ఇక్కడ ఇంకో లెక్క: మంచి ఎండ రోజున అది ఇచ్చేది సుమారు లక్ష యూనిట్లు. పక్కనున్న బొగ్గు కేంద్రం పూర్తిగా నడిస్తే ఆ లక్ష యూనిట్లను మూడు నిమిషాల్లో ఇస్తుంది. దీన్ని బట్టి సోలార్ దండగని పిల్లలు అనుకోకూడదు. వంద మెగావాట్లు కూడా అక్కర్లేని దీవిలో ఆ 25 మెగావాట్లు పగటిపూట ఎంతో డీజిల్‌ను ఆదా చేస్తాయి. అదే మిషను ఒకచోట చిన్నది, ఇంకోచోట పెద్దది.

నీరు: ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ అనే చోట 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. చవక, శుభ్రం. కానీ దీవుల్లో నదులు చిన్నవి. పెద్ద ఆనకట్టలంటే అడవి మునుగుతుంది, పైగా అది భూకంపాల ప్రాంతం. 2004 సునామీని ఎవరూ మరిచిపోలేదు. తెలుగువాళ్లు కూలీలుగా వెళ్లి స్థిరపడిన ఫిజీలో కథ వేరు. అక్కడ కొండలున్నాయి, నీరుంది. 1983 నుంచి మోనసావు జలాశయం ప్రధాన దీవికి వెన్నెముకగా ఉంది. వానలు తగ్గిన ఏడు మాత్రం అక్కడా డీజిల్ వైపు చూడాల్సిందే.

చెరకు పిప్పి: ఇది మన అనకాపల్లి వాళ్లకు కొత్త కాదు. బెల్లం పెనం కింద మండేది పిప్పే. తెలుగువాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో వెళ్లిన మారిషస్‌లో చక్కెర మిల్లుల పక్కనే విద్యుత్ కేంద్రాలున్నాయి. చెరకు కోత కాలంలో పిప్పి మండిస్తారు, మిగతా నెలల్లో అవే బాయిలర్లలో దిగుమతి చేసుకున్న బొగ్గు. తెలివైన ఏర్పాటే. కానీ చెరకు పెద్దగా పండని అండమాన్‌కు అది పనికిరాదు.

గ్యాస్: డీజిల్ కంటే శుభ్రంగా మండుతుంది. కానీ ఓడలో తేవాలంటే దాన్ని మైనస్ 162 డిగ్రీలకు చల్లబరచి ద్రవంగా మార్చాలి. దానికి ప్రత్యేకమైన ట్యాంకులు, ప్రత్యేకమైన రేవు కావాలి. కొద్దిపాటి అవసరానికి అంత ఏర్పాటంటే యూనిట్ ధర పెరుగుతుంది.

కేబుల్: "ఇక్కణ్ణుంచి తీగ వేసేస్తే సరిపోదా?" అని మీ పాపో బాబో తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న. చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ 2020లో వేశారు. అది మోసేది కాంతి సంకేతాలను. కరెంటు మోసే కేబుల్ బరువూ ఖర్చూ వేరు. బ్రిటన్, డెన్మార్క్ మధ్య 2023లో మొదలైన వైకింగ్ లింక్ ఈ రకంలో చాలా పొడవైనది. భూమ్మీద భాగం కలుపుకున్నా అది 765 కిలోమీటర్లు. మనకు కావాల్సింది 1200, అదీ లోతైన బంగాళాఖాతంలో, వంద మెగావాట్ల లోపు అవసరం కోసం.

మనమూ ఒకసారి దీవి అయ్యాం

ఇదంతా ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల గొడవ అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. టవర్లు ఒరిగాయి, స్తంభాలు విరిగాయి. విశాఖ, చుట్టుపక్కల ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. రెండు వేల మెగావాట్ల కేంద్రం పొరుగునే ఉన్నా లైను లేకపోతే మన ఇంట్లో దీపం వెలగదు. పెద్ద కేంద్రం ఒకసారి ఆగితే, మళ్లీ మొదలవడానికి దాని పంపులకూ ఫ్యాన్లకూ బయటి నుంచే కరెంటు కావాలి.

గ్రిడ్ కూలిపోతున్నప్పుడు ఒక కేంద్రాన్నీ దాని చుట్టూ ఉన్న ముఖ్యమైన అవసరాలనూ విడదీసి, విడిగా నడిపించే ఏర్పాటును ఇంజినీర్లు ఐలాండింగ్ అంటారు. ఆసుపత్రి, మంచినీటి పంపు, ఆగకూడని ఫ్యాక్టరీ అందులో ఉంటాయి. పేరులోనే దీవి ఉంది. దీవులవాళ్లు రోజూ వేసుకునే లెక్క మనకు తుఫాను రోజున పనికొస్తుంది.

ఇంట్లో చేయించండి

ఒక కాగితం మీద పైన రాసిన ఆరు దారులూ వరసగా రాయించండి. పక్కన అయిదు గళ్లు: యూనిట్ ఖర్చు, రాత్రీ వానలోనూ పనిచేస్తుందా, తుఫానుకు తట్టుకుంటుందా, ఎంత స్థలం కావాలి, పొగ బూడిద ఎంత. ప్రతిదానికీ పదికి మార్కులు వేయించండి. తర్వాత అసలు పని: ఏ గడికి ఎక్కువ విలువ ఇవ్వాలో అడగండి. ఖర్చే ముఖ్యం అన్న పిల్లాడికి ఒక జవాబు వస్తుంది, తుఫానే ముఖ్యం అన్న పిల్లకు ఇంకొకటి వస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే కావచ్చు. బహుశా ఇద్దరూ పగటికి సోలార్, మబ్బులకు బ్యాటరీ, అవసరానికి కొంత డీజిల్ అంటూ కలిపి వాడటం దగ్గర కలుస్తారు. అండమాన్ కూడా ఆ దారిలోనే అడుగులు వేస్తోంది.

చివరగా ఒక ప్రశ్న మిగులుతుంది: ఈ ధర ఎవరు చెల్లిస్తున్నారు? అండమాన్ డీజిల్‌కు దేశమంతా డబ్బు కడుతుంది. దూరాన ఉన్న ఊళ్లలో వెలిగే దీపాలకు బొగ్గు కేంద్రం పక్కన ఉన్న ఊళ్లు బూడిదతో కడతాయి. అదే కేంద్రం మన ఊళ్లో ఎన్నో ఇళ్లకు జీతం ఇస్తుంది, ఫార్మా సిటీ మిషన్లు ఆగకుండా చూస్తుంది. మీలో కొందరు అక్కడే పనిచేస్తున్నారు కూడా. పిల్లల ముందు ఈ రెండు వైపులూ దాచకుండా మాట్లాడండి. పక్కనే పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే నాటికి ఇలాంటి నిర్ణయాలు వాళ్ల బల్ల మీదకే వస్తాయి. "ఏది మంచిది?" అన్న ప్రశ్నకు "ఎక్కడ, ఎవరికి, ఎంత ఖర్చుతో?" అని తిరిగి అడగడం ఇప్పటినుంచే అలవాటైతే, ఆ రోజు వాళ్లు తడబడరు.

పిల్లలు మార్కులు వేసిన కాగితాన్ని వచ్చే పేరెంట్స్ మీటింగుకు తీసుకురండి. సైన్సు టీచర్లు చూసి, వాళ్లతో మాట్లాడతారు.