మింగలేని తిమింగలం

తిమి అనే పెద్ద చేపను మింగునది గనుక పూర్వులు దానికి తిమింగిలమని పేరు పెట్టారు. వాడుకలో అది తిమింగలమైంది. పేరులోనే మింగడం ఉన్నప్పుడు మనకు భయం ఎట్లా పోతుంది? అయితే ఒక మనిషి నిజంగానే దాని నోటిలో పడి, ప్రాణాలతో ఇల్లు చేరాడు. ఆ వృత్తాంతం పిల్లలూ పెద్దలూ తెలుసుకోదగినది.

అమెరికా తూర్పు తీరాన, మసాచుసెట్స్ రాష్ట్రంలో, వంచిన మోచేయివలె సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన నేలను కేప్ కాడ్ అంటారు. దాని కొసన ప్రావిన్స్‌టౌన్ అనే ఊరున్నది. ఒకప్పుడు ఈ ఊరివారు తిమింగలాలను వేటాడి బ్రతికారు. నేడు వాటిని చూడవచ్చిన వారిని పడవలలో త్రిప్పి సంపాదించుకొంటున్నారు.

మైకేల్ పాకర్డ్ ఆ ఊరి లాబ్‌స్టర్ జాలరి. లాబ్‌స్టర్ అంటే పీతకున్నట్లు కొండ్లుండే పెద్ద రొయ్యవంటి ప్రాణి. తక్కినవారు బోనులు దింపి దానిని పడతారు. ఈయన మాత్రం వీపున గాలి సిలిండరు కట్టుకొని, అడుగుకు దిగి, చేతులతో ఏరుకొని వస్తాడు. 2021 జూన్ 11వ తేదీ ఉదయం తీరానికి చేరువలోనే, సుమారు 45 అడుగుల లోతు నీటిలో దిగాడు. అప్పటికి ఆయన వయస్సు 56 ఏళ్లు.

దిగుతుండగానే లారీ గుద్దినట్లయింది. అంతా చీకటి. సొరచేప పట్టిందేమో అనుకొన్నాడు. కాని ఒంటిమీద ఎక్కడా పండ్లు దిగలేదు. అప్పుడు తెలిసింది, తాను తిమింగలం నోటిలో ఉన్నానని! భార్యా, ఇద్దరు మగపిల్లలూ కళ్లముందు మెదిలారట. ఇక అంతే అనుకొన్నాడు. ఇంతలో తిమింగలం పైకి లేచి, తల విదిలించి, ఆయనను బయటికి విసరివేసింది. ఇదంతా అరనిమిషం పని. పడవలో ఉన్న తోడు మనిషి ఆయనను పైకి లాగాడు. కాలు విరిగిందేమోనని భయపడ్డారు గాని కండరాలు నలగడం తప్ప మరేమీ లేదు. ఆనాడే ఆసుపత్రినుండి ఇంటికి వచ్చాడు.

ఇంతకూ అది ఎందుకు వదలింది? అది హంప్‌బ్యాక్ జాతి. మనం గూని తిమింగలమని చెప్పుకోవచ్చును. దీనికి పండ్లుండవు. పై దవడనుండి కుచ్చులవంటి పలకలు వ్రేలాడుతుంటాయి. చిన్న చేపల గుంపు కనబడితే నోరు బారుగా తెరచి దూసుకొనిపోతుంది. నీటిని వడకట్టి చేపలను మాత్రం మింగుతుంది. అంత నోరు తెరచినప్పుడు ఎదుట ఏమున్నదీ దానికి సరిగా కనబడదు. దాని గొంతులోనుంచి మనిషి దిగడు. అంటే పాకర్డ్ దానికి ఆహారం కాదు, అన్నంలో రాయి! ఆ చేపలు ఒడ్డుకు వస్తే తిమింగలమూ ఒడ్డుకు వస్తుంది. అక్కడే మనిషీ తన జీవనోపాధికి దిగుతాడు.

ఈ కథను నమ్మనివారూ ఉన్నారు. అయితే 2025 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, మెగల్లాన్ జలసంధిలో చిన్న పడవ నడుపుతున్న ఒక యువకుని ఈ జాతి తిమింగలమే పడవతో సహా నోట కరచుకొని, కొద్ది క్షణాలలో వదలివేసింది. దగ్గరలో మరొక పడవలో ఉన్న తండ్రి అదంతా ఫోటో యంత్రంలో పట్టాడు. కొడుకు తేలగానే, కంగారుపడవద్దని అరచి ధైర్యం చెప్పాడు. ఆ తండ్రి గుండె ఎంత కొట్టుకొన్నదో మనం ఊహించుకోవచ్చును.

మన అరేబియా సముద్రంలోనూ ఈ గూని తిమింగలాలు కొద్దిగా ఉన్నాయి. మహారాష్ట్రలోని మాల్వణ్‌కూ, కర్ణాటకలో మురుడేశ్వరం ఎదుటనున్న నేత్రాణి దీవికీ మన పిల్లలు సరదాగా నీట మునగడానికి వెళుతున్నారు. వెళ్లవద్దనడం భావ్యం కాదు. ఒక్క సంగతి చెప్పి పంపండి: చిన్న చేపలు గుంపుగా నీటిపైన ఎగిరిపడుతూ, పక్షులు మూగుతున్న చోటికి పోరాదు. అది తిమింగలపు విస్తరి కావచ్చును. తిమింగలం కనబడితే కనీసం 100 గజాల దూరంలో ఉండాలి.

దానికి మనమీద పగ లేదు. దాని భోజనానికి మనం అడ్డుపోకుంటే చాలు.