పుట్టపర్తి పౌరుల మాట

ఊరు పెరుగుట వేఱు. ఊరివారు బాగుపడుట వేఱు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టసీమలో, చిత్రావతీతీరమున నొక చిన్నపల్లెయైన పుట్టపర్తి, 1950లో ప్రశాంతినిలయము వెలసినది మొదలు యాత్రాస్థలమైనది. 1991లో పెద్దవైద్యశాలయు, 2000లో సమీపమున రైలుస్టేషనును వచ్చినవి. 2022 ఏప్రిలు 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. కచేరీలు వచ్చినచోట భూమివెలయు, ఇంటియద్దెయు హెచ్చుట లోకసహజము. లాభము స్థలము గలవానిది. భారము అద్దెయింటి కూలివానిది, బండిపై పండ్లమ్ము స్త్రీది.

వారి మాట వినువా రెవరు? పల్లెకు రాజ్యాంగము గ్రామసభను చూపినది. పట్టణమైన పిదప ఆ సభ లేదు. 1992 నాటి 74వ రాజ్యాంగసవరణము మూడులక్షలును, అంతకు మించియు జనసంఖ్య గల పురములకే వార్డుకమిటీలను విధించినది. పుట్టపర్తి కా నిర్బంధము లేదు. కాని నిర్బంధము లేనిమాత్రమున నిషేధ మున్నదా?

రోడ్డు వెడల్పునకు, అంగడివీధి మార్పునకు, క్రొత్త లేయవుట్లకు అనుమతి నిచ్చుటకు ముందు పురపాలకసంఘమువారు వార్డువార్డున సభ జరిపి, జనాభిప్రాయమును వ్రాతమూలముగ గైకొని, తమ నిర్ణయమునకు హేతువును ప్రకటింపవలెను. నీటికై దశాబ్దములు నిరీక్షించిన సీమ యిది. మాటకుగూడ నిరీక్షింపజేయుట న్యాయము గాదు.