వృద్ధుల వినికిడి - చార్జింగు శ్రవణ యంత్రాలు

ఉదయం ఏడు గంటల వేళ. కోడలు వంటింట్లోనుంచి “మామయ్యగారూ, పాలొచ్చాయా?” అని కేక వేసింది. వీధి వరండాలో పత్రిక చదువుకుంటున్న పెద్దాయన తలెత్తి, “నొప్పి లేదమ్మా, రాత్రి నూనె రాసుకున్న తరువాత కాలు తేలికపడింది” అన్నారు. పిల్లలు పకపక నవ్వారు. ఆయనా వారితో కలిసి నవ్వారు. ఇటువంటివి నాలుగైదు సార్లు జరిగిన తరువాత ఆయన నవ్వడం మానివేస్తారు. మరికొంత కాలానికి బదులు చెప్పడమే మానివేస్తారు. “మామయ్యగారికి ఈ మధ్య దేనిమీదా ధ్యాస ఉండడం లేదు” అని ఇంట్లోవారు అనుకుంటారు. పెద్దవారున్న ఇళ్లలో ఈ వరుస కొత్తది కాదు.

ఇంతకూ ఆ పెద్దాయనకు కోడలి కేక వినబడలేదా? వినబడింది. వినబడింది కనుకనే తలెత్తారు. గొంతు కోడలిదని కూడ గుర్తుపట్టారు. వినబడనిదల్లా ‘పాలు’ అన్న మాటలోని పకారం ఒక్కటే. ‘ఆలు’ అన్నంతవరకు చెవిని బడింది. మిగిలిన ఖాళీని మనస్సు తనకు తోచిన హల్లుతో పూరించుకున్నది. నిన్నటినుంచి కాలునొప్పిని గురించే ఆలోచిస్తున్న మనస్సుకు కకారం తోచడంలో వింత లేదు. వయసు మీరిన తరువాత వచ్చే చెవుడును గురించి ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. అది శబ్దాన్ని తగ్గించడానికంటె ముందు మాటను చెరుపుతుంది. “వినబడుతున్నది గాని తెలియడం లేదు” అని పెద్దవారు అనే మాట సాకు కాదు. శాస్త్రరీత్యా సరియైన వర్ణన.

మాటలో అచ్చులు బలమైన ధ్వనులు. వాటి శక్తి చాలవరకు 1000 హెర్ట్జ్‌కు లోపున ఉంటుంది. మన వ్యాకరణం పరుషాలని పేరు పెట్టిన క, చ, ట, త, ప లు, వాటితోపాటు స, శ, ష లు బలహీనమైనవి. ఒకదానినుంచి మరొకదానిని వేరుపరచే గుర్తులు చాలవరకు 2000 హెర్ట్జ్‌కు పైన, సకారం విషయంలో 4000కు కూడ పైన ఉంటవి. పేరుకు పరుషాలే గాని చెవికి అవి అతి సుకుమారమైనవి. తెలుగు మాటలు చాలవరకు అచ్చుతో ముగుస్తవి గనుక వాక్యపు ఊపు, రాగం చివరిదాకా వినబడుతూనే ఉంటవి. ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు.

చెవి లోపలి భాగంలో నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉన్న ఒక గొట్టం ఉన్నది. దానిలో పుట్టుకతో సుమారు 15 వేల కేశకణాలు వరుసలు తీరి ఉంటవి. గొట్టం మొదట్లో ఉన్నవి కీచు స్వరాలను, లోపలి కొసన ఉన్నవి మంద్రస్వరాలను అందుకుంటవి. వయస్సు, ఏండ్ల తరబడి విన్న రొద, కొన్ని రకాల మందులు, వంశలక్షణం - వీటివల్ల మొట్టమొదట చెడేవి ద్వారం దగ్గరి కణాలే. మనుష్యులలో అవి ఒకసారి చెడితే తిరిగి మొలవవు. ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అని సామెత ఉన్నది గాని, పెద్దవారి విషయంలో అది తలక్రిందులు. శంఖం ఊదితే వారికి చక్కగానే వినబడుతుంది. పక్కన కూర్చుని మనుమరాలు చెప్పిన రహస్యమే వినబడదు.

ఈ అవస్థను అందరికీ కొంత రుచి చూపించినది పాత టెలిఫోను. అది 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న స్వరాలనే మోసేది. అందుకనే ఊరి పేరో, మనిషి పేరో చెప్పవలసి వచ్చినప్పుడు “పలకలో ప, తలుపులో త” అని విడమరచి చెప్పుకునేవారం. పెద్దవారికి రోజంతా అటువంటి టెలిఫోనులో మాట్లాడుతున్నట్లే ఉంటుంది.

దీనితోపాటు మరొక చిక్కు ఉన్నది. మెల్లగా అంటే వినబడదు, గట్టిగా అంటే “ఎందుకలా అరుస్తావు, నేనేమైనా చెవిటివాణ్ణా?” అని కోపం వస్తుంది. ఇది ముసలితనపు చాదస్తమని ఇంట్లోవారు నవ్వుకుంటారు. కాని కేశకణాలు తగ్గిన చెవికి వినబడని శబ్దానికీ, భరించలేని శబ్దానికీ మధ్య ఉండవలసిన ఎడం కుంచించుకొనిపోతుంది. చిన్న శబ్దం అసలు చేరదు, పెద్ద శబ్దం ఒక్కసారిగా మీద పడుతుంది.

ఈ రెండు సంగతులు గ్రహించిన తరువాత, ఇంట్లో ‘చెవి మిషను’ అని పిలుచుకునే శ్రవణ యంత్రం చేయవలసిన పని ఏమిటో సులభంగా బోధపడుతుంది. అది శబ్దాన్నంతటినీ ఒకే మోతాదులో పెంచకూడదు. ఆ మనిషికి ఏ స్వరాలు ఎంత తగ్గినవో వాటిని అంతగా పెంచవలె. మెల్లని శబ్దాన్ని ఎక్కువగాను, గట్టి శబ్దాన్ని తక్కువగాను పెంచవలె. పాత యంత్రాలు ఈ పని సరిగా చేయలేకపోయేవి. ట్రాన్సిస్టరు సామాన్యుల ఇళ్లకు రేడియో రూపంలో రావడానికి ముందే, 1952 చివరలో, శ్రవణ యంత్రంలో అడుగుపెట్టింది. దానితో యంత్రం చిన్నదైనది. అయినా 1990 దశకంలో డిజిటల్ యంత్రాలు వచ్చిన తరువాతనే స్వరానికొక కొలత చొప్పున పెంచడం సుకరమైనది.

వెయ్యి రూపాయలకో, రెండు వేలకో దొరికే ‘సౌండ్ ఆంప్లిఫయర్’లకు, నిజమైన శ్రవణ యంత్రానికి తేడా ఇక్కడే ఉన్నది. ఆ పరికరాలలో పెక్కు అన్నిటినీ కలిపి పెంచుతవి. ఫ్యాను చప్పుడు, గిన్నెల మోత, వీధిలో హారను, వాటితోపాటు అచ్చులు కూడ పెరుగుతవి. పకారం మాత్రం ఆ రొదలో ఎప్పటివలెనే మునిగి ఉంటుంది. పెద్దవారు రెండు రోజులు పెట్టుకొని, తలనొప్పి వచ్చి, బీరువాలో పెడతారు. అటు తరువాత మంచి యంత్రం తెచ్చినా “చూశాముగా ఆ ముచ్చట” అంటారు. చవక కొనుగోలులోని అసలు నష్టం వెయ్యి రూపాయలు కాదు, ఆ నమ్మకం.

అట్లని ధర పెరిగినకొద్దీ ఉపయోగం పెరుగుతుందని కూడ అనుకోరాదు. మన దేశంలో డిజిటల్ యంత్రాలు చెవికి కొన్ని వేల రూపాయలు మొదలుకొని లక్షకు పైబడి కూడ ఉన్నవి. జి.ఎస్.టి. వీటికి లేదు. పై ధరలలో మనం చెల్లించేది చాలవరకు సభలలో, హోటళ్లలో రొదనుంచి మాటను వేరుచేసే నేర్పుకు, చిన్న ఆకారానికి, సెల్‌ఫోను కలయికకు. ఇంటిపట్టున ఉండి, నలుగురితో మాట్లాడి, రేడియో వినే పెద్దవారికి వాటిలో కొన్ని అనవసరం. చెవి పరీక్ష చేసి గీసే ఆడియోగ్రాం ప్రకారం సరిదిద్దిన సామాన్యమైన యంత్రం, సరిదిద్దకుండా పెట్టె విప్పి తగిలించిన ఖరీదైన యంత్రంకంటె మేలని నా అభిప్రాయం. కొనేచోట ఆడియాలజిస్టు ఉన్నారా, కొన్న తరువాత రెండు మూడు సార్లు సరిదిద్దుతారా అని అడగడం, రంగు ఏమిటని అడగడంకంటె ముఖ్యం.

ఇక చార్జింగు సంగతి. మా మేనత్త ఎనభయ్యవ ఏట చెవి మిషను పెట్టుకున్నది. యంత్రం మంచిదే. దానిలో వేసే సెల్లు కందిగింజకంటె కొంచెం పెద్దది. కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లు, శుక్లాలు తీయించిన కళ్లు - ఆ సెల్లును అరలో సరిగా అమర్చడం ఆమెకు ఏనాడూ సాధ్యం కాలేదు. పడకమీద జారిపోయిన సెల్లుకోసం దుప్పటి దులిపేవారం. వారానికొకసారి మార్చవలె, మార్చేవారు ఊళ్లో లేని వారం ఆమె చెవి కూడ ఊళ్లో లేనట్లే.

ఆ సెల్లులో జింకు ఉంటుంది. గాలిలోని ఆక్సిజనుతో కలిసి విద్యుత్తు పుట్టిస్తుంది. పైన అంటించిన చిన్న కాగితం తీయగానే గాలి సోకి పని మొదలవుతుంది. ఆ తరువాత యంత్రం వాడినా వాడకపోయినా సెల్లు తరిగిపోతూనే ఉంటుంది. పరిమాణాన్ని బట్టి కొన్ని దినాలనుంచి రెండు మూడు వారాలదాకా వస్తుంది. అంటే రెండు చెవులకు ఏడాదికి డజన్లకొద్దీ సెల్లులు. పట్నంలో ఇది ఖర్చు. పల్లెలో ఇది ఖర్చుతోపాటు ప్రయాణం. పసిపిల్లలున్న ఇంట అపాయం కూడ: మింగిన గుండీ సెల్లు ఏదైనా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన విషయం.

చార్జింగు యంత్రంలో సెల్‌ఫోనులో ఉండే జాతికి చెందిన లిథియం అయాన్ బ్యాటరీ లోపలనే బిగించి ఉంటుంది. రాత్రి కళ్లజోడు తీసిపెట్టేటప్పుడు యంత్రాలను కూడ వాటి పెట్టెలో ఉంచితే చాలును. మూడు నాలుగు గంటలలో నిండుతవి. మరునాడు పడుకునేవరకు పనిచేస్తవి. పెట్టెలో పెట్టగానే వాటంతట అవే ఆగిపోతవి, తీయగానే మొదలవుతవి. విప్పవలసిన అర లేదు, తిరగవేసి చూసుకోవలసిన గింజ లేదు. కరెంటు పోయే ఊళ్లలో పెట్టెకు సొంత బ్యాటరీ కూడ ఉన్న రకం తీసుకోవడం మంచిది. గోడకు తగిలించకుండానే అది యంత్రాలను కొన్ని సార్లు నింపుతుంది.

దీనికీ లోపాలు లేకపోలేదు. లోపలి బ్యాటరీ నాలుగైదేళ్లకు నీరసిస్తుంది. దానిని మనం మార్చలేము, కంపెనీకి పంపవలె. అందుచేత కొనేటప్పుడే పూచీ ఎన్నేళ్లు, బ్యాటరీ మార్చడానికి ఎంత, చార్జింగు పెట్టె ధరలో కలిసి ఉన్నదా, అది పోతే విడిగా దొరుకుతుందా అని కాగితంమీద వ్రాయించుకొనవలె. ఒక రాత్రి పెట్టెలో ఉంచడం మరచిపోతే మరునాడు మధ్యాహ్నానికి మౌనమే. పెట్టెను ఎండ పడే కిటికీలో ఉంచరాదు. సముద్రతీరపు జిల్లాలలో చెమట, గాలిలోని తేమ ఏ యంత్రానికైనా శత్రువులే. తడి పీల్చే గుళికలున్న డబ్బా ఒకటి దగ్గర ఉంచుకొనవలె.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో నాలుగింట ఒక వంతుకు పైగా జీవనానికి అడ్డు వచ్చేటంత వినికిడి లోపంతో ఉన్నారు. మన దేశంలో బీద వృద్ధులకు శ్రవణ యంత్రాలు, చేతికర్రలు, కళ్లజోళ్లు మొదలైనవి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైనది. మరొక ప్రక్క, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవులలోను 60 డెసిబెల్లు మొదలుకొని ఉన్న లోపాన్నే లెక్కలోనికి తీసుకుంటున్నది. 45, 50 డెసిబెల్లు పోగొట్టుకొని, సంభాషణకు దూరమైపోయిన మధ్యతరగతి పెద్దమనిషి బీదవాడూ కాడు, చట్టం దృష్టిలో వికలాంగుడూ కాడు. చవకగా దొరికే మంచి యంత్రం అవసరం అతనికే ఎక్కువ.

అమెరికాలో 2022 అక్టోబరు 17 నుంచి ఇటువంటివారికోసమే ఒక మార్గం తెరిచారు. 18 ఏళ్లు నిండి, లోపం స్వల్పమో మధ్యస్థమో అయినవారు వైద్యుని చీటీ లేకుండానే దుకాణంలో యంత్రం కొనుక్కొనవచ్చును. అక్కడ స్థిరపడిన మన పిల్లలు తల్లిదండ్రులకు ఇటువంటివి తెచ్చి ఇవ్వడం కద్దు. తెచ్చేముందు ఒక సంగతి ఆలోచించవలె: వీటిలో పెక్కింటిని సెల్‌ఫోనులో చెవికి వినబడే స్వరాలను పరీక్షించుకుంటూ తామే సరిదిద్దుకొనవలె. గుంటూరులో ఉన్న అమ్మకు ఆ పని ఎవరు చేసిపెడతారు? చెడితే ఎవరు బాగుచేస్తారు?

యంత్రం కొనడానికి ముందు చెవిని వైద్యునికి చూపించడం తప్పనిసరి. ఒక్కొక్కప్పుడు చెవుడు అని భయపడినది గట్టిపడిన గుబిలి మాత్రమే అవుతుంది. ఒక్కసారిగా వినికిడి పోవడం, ఒక చెవే తగ్గడం, చీము, నొప్పి, కళ్లు తిరగడం - ఇవి ఉంటే యంత్రాల మాట ప్రక్కన పెట్టి వైద్యుని దగ్గరకు వెళ్లవలె. ఒక్కసారిగా పోయిన వినికిడికి మొదటి కొద్ది దినాలలో చేసిన చికిత్సే ఫలిస్తుంది. హైదరాబాదు కోఠీలోను, విశాఖపట్నంలోను దీనికి ప్రత్యేకమైన ప్రభుత్వ వైద్యశాలలున్నవి. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

చెవుడుకు, మతిమరపుకు సంబంధం ఉన్నదన్న మాట ఈ మధ్య తరచుగా వినబడుతున్నది. 2023లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైన ఒక అమెరికన్ పరిశోధనలో 70 - 84 ఏళ్ల వారిని 977 మందిని మూడేళ్లు పరిశీలించారు. అందరినీ కలిపి చూస్తే యంత్రాలవల్ల తేడా కనబడలేదు. జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం ముందునుంచే ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం ఆ తగ్గుదల 48 శాతం మందగించింది. కనుక యంత్రం పెట్టుకుంటే మతిమరపు రాదని ఎవరైనా అమ్మజూపితే నమ్మనక్కరలేదు. ప్రయోజనం లేదని కొట్టివేయనూ అక్కరలేదు.

కొత్తలో యంత్రం చికాకు పెడుతుంది. మా మేనత్త మొదటి రోజు సీలింగు ఫ్యాను ఆపించింది. తన చెప్పుల చప్పుడు విని ఎవరో వస్తున్నారని వెనక్కు తిరిగి చూసింది. ఏళ్ల తరబడి వినని శబ్దాలను మెదడు మళ్లీ పోల్చుకొనవలె. మొదటి వారం ఇంట్లో, ఒక్కరితో మాట్లాడేటప్పుడు, పూటకు రెండు మూడు గంటలు చాలును; క్రమంగా పెంచుకొని కొన్ని వారాలలో రోజంతా పెట్టుకొనవచ్చును. ఈ దశలో ఇంటివారి సాయం కావలె. వంటింట్లోనుంచి కేక వేయడం మాని, ఎదురుగా వచ్చి, ముఖాన వెలుగు పడేటట్లు నిలబడి మాట్లాడవలె. స్టూడియోలో కొత్తగా చేరినవారికి మేము చెప్పే మొదటి మాటే ఇక్కడ కూడ పనికివస్తుంది: గొంతు పెంచకండి, హల్లు పలకండి.

రేడియో వినేటప్పుడు సెట్టును చెవికి ఆనించుకొనే పాత అలవాటు మానుకొనవలె. అంత దగ్గరగా పెడితే యంత్రం కీచుమంటుంది. రెండు బారల దూరంలో, ఫ్యాను వేపు కాకుండా, ముందువైపున బల్లమీద పెట్టుకొని, ఇంట్లో అందరూ వినే స్థాయిలోనే ఉంచి, మొదట వార్తలతో ప్రారంభించవచ్చును. ఒక్కరే, నిదానంగా, వెనుక వాద్యాలు లేకుండా చదివే వార్తలు కొత్త చెవికి అన్నిటికంటె తేలిక. నాటకాలు, సంగీతం తరువాతి నెలకు ఉంచుకొనవచ్చును.