చలికాలంలో ఫ్లోరిడా సముద్ర తీరం: కయాకింగ్, మనాటీలు, ఓ సర్కస్ ఓనర్ బంగళా

ఈ ఎపిసోడ్‌లో మనం ఫ్లోరిడాలోని సరసోటా అనే ఊరి గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో చదువుకుంటున్న, జాబ్ చేస్తున్న మన తెలుగు వాళ్ళకి డిసెంబర్‌లో సెలవులు వస్తాయి కదా, బయట చూస్తే మంచు. అప్పుడు ఎక్కువ మంది ఫ్లోరిడా అనగానే ఓర్లాండో, మయామి అంటారు. అవి బాగుంటాయి, కాదనను. కానీ కాస్త ప్రశాంతంగా రెండు మూడు రోజులు గడపాలంటే పడమటి తీరంలో ఉన్న ఈ ఊరు చూడండి.

ముందు చలికాలమే ఎందుకో చెప్తాను. ఫ్లోరిడాలో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. వానలు కూడా ఎక్కువగా ఎండాకాలంలోనే పడతాయి. డిసెంబర్ వచ్చేసరికి ఉక్క పోతుంది, దోమలు తగ్గుతాయి, పగలు చాలావరకు 20 డిగ్రీలు దాటి హాయిగా ఉంటుంది. ఒకటే తలనొప్పి ఏంటంటే, చలి నుంచి తప్పించుకోవడానికి ఉత్తరాది వాళ్ళంతా అప్పుడే దిగుతారు. అందుకే రూమ్స్ రేట్లు పెరుగుతాయి. ముందే బుక్ చేసుకోండి.

ఇప్పుడు అసలు హీరో దగ్గరికి వద్దాం. మనాటీ. సముద్రపు ఆవు అని కూడా అంటారు. మూడు మీటర్ల పొడవు, దాదాపు 450 కిలోల బరువు ఉంటుంది, తినేది మాత్రం గడ్డి. బంధుత్వం చూస్తే దీనికి దగ్గరి చుట్టం ఏనుగు! ఇంత లావుగా ఉంది కదా, ఆ కొవ్వుతో చలికి తట్టుకుంటుందిలే అనుకుంటాం. అలా ఏం లేదు. తిమింగలానికి ఉన్నట్టు మందపాటి కొవ్వు పొర దీనికి లేదు. ఒంట్లో వేడి పుట్టే వేగం కూడా తక్కువే. నీళ్ళు 20 డిగ్రీల కంటే చల్లబడి అలాగే ఉండిపోతే జబ్బు పడుతుంది, చనిపోవచ్చు కూడా.

అందుకే చలి పెరిగితే ఇవి వెచ్చటి నీళ్ళు వెతుక్కుంటూ వెళ్తాయి. ఏడాది పొడవునా దాదాపు 22 డిగ్రీలు ఉండే ఊట నీళ్ళలోకి చేరతాయి. లేదంటే కరెంటు ప్లాంట్ల దగ్గర చేరతాయి. సర్వర్ వేడెక్కితే ఫ్యాన్ ఆ వేడిని బయటికి తోస్తుంది కదా, పవర్ ప్లాంట్ కూడా తన వేడిని నీళ్ళతో బయటికి పంపిస్తుంది. ఆ నీళ్ళే వీటికి హీటర్ అన్నమాట. సరసోటా నుంచి సుమారు గంట దూరంలో, టాంపా దగ్గర అపోలో బీచ్‌లో ఇలాంటి ప్లాంటు పక్కనే మనాటీ వ్యూయింగ్ సెంటర్ ఉంది. చలికాలం సీజన్‌లో మాత్రమే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. బాగా చలిగా ఉన్న రోజు వెళ్తే మీ లక్కు బాగున్నట్టే. గుంపులు గుంపులుగా కనిపిస్తాయి.

తరువాత కయాకింగ్. సరసోటాలో లిడో కీ అనే దీవి దక్షిణం కొసన మడ అడవుల మధ్య సన్నటి నీటి దారులు ఉన్నాయి. మన కాకినాడ దగ్గర కోరింగ చూసిన వాళ్ళకి ఈ చెట్లు కొత్తేం కాదు. తేడా ఏంటంటే, ఇక్కడ పైన కొమ్మలు కలిసిపోయి సొరంగంలా ఉంటుంది, మీరు అందులోంచి తెడ్డు వేసుకుంటూ వెళ్తారు. వేర్ల మీద చిన్న చిన్న పీతలు పాకుతుంటాయి, కొంగలు కనిపిస్తాయి.

వెళ్ళే ముందు మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, ఆటుపోట్ల టైమింగ్. నీళ్ళు బాగా తీసేసినప్పుడు వెళ్తే కయాక్ బురదలో ఆగిపోతుంది. రెండు, గాలి. సాధారణంగా పొద్దున్నే నీళ్ళు నిలకడగా ఉంటాయి. మూడు, లైఫ్ జాకెట్. కయాక్‌లో ఒక్కొక్కరికి ఒకటి ఉండాలని అక్కడ చట్టమే ఉంది. కానీ పక్కన పెట్టుకుంటే సరిపోదండీ, వేసుకోండి. మనలో చాలా మందికి ఈత రాదు. అమెరికాలో మన పిల్లలు చెరువులో, జలపాతంలో పోయారని ఎన్ని వార్తలు చదివాం? ఫోటో బాగా రాదని జాకెట్ తీసేయొద్దు, ప్లీజ్.

ఇక బంగళా. పేరు 'కా ద జాన్'. వెనిస్ వాళ్ళ యాసలో 'జాన్ ఇల్లు' అని అర్థం. జాన్ రింగ్లింగ్ అని పెద్ద సర్కస్ ఓనర్, ఆయన భార్య మేబుల్‌కి వెనిస్ అంటే ఇష్టం. అందుకే సముద్రం ఒడ్డున వెనిస్ రాజభవనం లాగా 56 గదులతో కట్టించుకున్నారు. 1926లో పూర్తయింది. 1927లో తన సర్కస్ చలికాలపు మకాం కూడా ఈ ఊరికే మార్చేశాడు. అంటే అప్పట్లో ఏనుగులు, సింహాలు కూడా చలికి ఇక్కడికే వచ్చేవి!

కానీ ఆ ఇంట్లో ఆమె బతికింది మూడేళ్ళే. 1929లో మేబుల్ చనిపోయింది. అదే ఏడాది స్టాక్ మార్కెట్ కూలింది. ఆయన ఆస్తి కరిగిపోయింది, సర్కస్ మీద పట్టు కూడా పోయింది. 1936లో ఆయన పోయేనాటికి బ్యాంకులో 311 డాలర్లే ఉన్నాయని చెబుతారు. అప్పులున్నా ఆ బంగళాని, మ్యూజియాన్ని అమ్మలేదు. ఫ్లోరిడా రాష్ట్రానికి రాసిచ్చేశాడు. అందుకే ఈరోజు మనలాంటి వాళ్ళం టికెట్ కొని లోపలికి వెళ్ళగలుగుతున్నాం. సోమవారం ఆర్ట్ మ్యూజియం ఫ్రీ, బంగళాకి మాత్రం వేరే టికెట్. 2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ ఈ ఊరి పక్కనే ఉన్న సియెస్టా కీ దగ్గర తీరం దాటింది కాబట్టి, ఏ భాగాలు తెరిచి ఉన్నాయో వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్ళండి. ఆవరణలో పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉంటాయి. ఊడలు చూస్తే మన ఊళ్ళో ఉన్నట్టే అనిపిస్తుంది.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. కయాక్ పక్కకి మనాటీ వస్తే ముట్టుకోకండి, తిండి పెట్టకండి, నీళ్ళు పోయకండి. వెంబడించడం, విసిగించడం చట్టప్రకారం నేరం. ఇదేదో రూల్ కోసం రూల్ కాదు. మనం తరిమితే అది వెచ్చటి నీళ్ళు వదిలి చల్లటి నీళ్ళలోకి పోతుంది, అక్కడే దాని ప్రాణానికి ప్రమాదం. చాలా మనాటీల వీపు మీద బోటు ప్రొపెల్లర్ కోసిన గాట్లు ఉంటాయి. ఆ గాట్లను బట్టే శాస్త్రవేత్తలు ఏది ఏదో గుర్తుపడతారంటే ఆలోచించండి. 2021లో ఫ్లోరిడాలో దాదాపు 1,100 మనాటీలు చనిపోయాయి. తూర్పు తీరంలో నీళ్ళు పాడై సముద్రపు గడ్డి పోయి, చాలా వాటికి తిండే దొరకలేదు. కాబట్టి తెడ్డు ఆపేసి, చప్పుడు చేయకుండా కూర్చోండి. అదే వచ్చి ఊపిరి తీసుకుని వెళ్తుంది. ఆ 'పుఫ్' అనే చప్పుడు వింటే చాలు, ట్రిప్ డబ్బులు వసూలైనట్టే.

ప్లాన్ సింపుల్: మొదటి రోజు పొద్దున కయాకింగ్, సాయంత్రం బీచ్. రెండో రోజు బంగళా. మూడు రోజుల్లో ఎక్కువ చలి ఉన్న రోజుని మనాటీలకి ఇచ్చేయండి. వాతావరణం బట్టి రోజులు అటూ ఇటూ మార్చుకోండి. జాగ్రత్తగా వెళ్ళి రండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!