మన లంకమల కలివి కోడి

పోయిన సంచికలో పదో తరగతి అక్క అస్సాం అడవిలో ఉండే హూలాక్ గిబ్బన్ గురించి రాసింది. తోక లేని కోతి అనీ, చేతులు పొడుగనీ, పొద్దున్నే ఆడదీ మగదీ కలిసి పాడతాయనీ రాసింది. బొమ్మ కూడా బాగా వేసింది. అది చదివి ఆరో తరగతి చెల్లెళ్లు నన్ను "అక్కా, మన కడప జిల్లాలో అట్లాంటిది ఏమీ లేదా?" అని అడిగినారు. ఉంది. అయితే అది కోతి కాదు, పిట్ట. పేరు కలివి కోడి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దిక్కు నుంచి వచ్చిన పిల్లలం ఇక్కడ ఇంతమంది ఉన్నాం గానీ ఈ పేరు విన్నవాళ్లు ముగ్గురే తేలినారు. అందుకే రాస్తున్నాను.

కలివి కంపలు అందరికీ తెలిసినవే. ముళ్లు గుచ్చుకున్నా వదలకుండా నల్లటి పండ్లు కోసుకుని తింటాం కదా, అవే. ఈ పిట్ట పగలంతా అట్లాంటి కంపల నీడలో కదలకుండా ఉంటుంది. పొద్దు మునిగినాక బయటికొచ్చి చెదలు, పురుగులు ఏరుకుని తింటుంది. పొడవు 27 సెంటీమీటర్లు, అంటే మన తీతువు పిట్ట కన్నా చిన్నది. ఒళ్లు మట్టి రంగు, కండ్లు పెద్దవి, రొమ్ము మీద రెండు పట్టీలు. హూలాక్ చెట్టు దిగదు, ఇది చెట్టు ఎక్కదు. మనిషి అలికిడి అయితే ఎగరకుండా కంపల సందులో పరుగెత్తి పోతుంది.

ఇంగ్లీషులో దీన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. జెర్డాన్ అనే తెల్లదొర డాక్టరు 1848లో దీని గురించి లోకానికి తెలిపినాడు. తర్వాత 1900లో మన పులివెందులకు పక్కనుండే అనంతపురం దిక్కున ఒకసారి కనిపించింది. ఆ తర్వాత ఎనభై ఐదేండ్లు ఎవరికీ దొరకలేదు. ఇంక లేదు, అంతరించిపోయింది అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మాత్రం పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెలు తిరిగినారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పక్కన దొరికింది. దొరకబట్టింది పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. రాత్రిపూట వెలుతురు చూపించి పిట్టలు పట్టే ఒక పల్లె మనిషి పట్టినాడు. పాపం ఆ పిట్ట బతకలేదు. ఆ ఏడు పోయి 1988లో దీని బొమ్మతో తపాలా బిళ్ల వేసినారు. ఆ ఏడే లంకమలను శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం చేసినారు. దాని విస్తీర్ణం 464 చదరపు కిలోమీటర్లు.

నాకు ఇక్కడ ఒక మాట అనిపిస్తాది. పుస్తకాలకు ఎనభై ఐదేండ్లు కనపడని పిట్ట మన పెద్దవాళ్లకు కనపడతానే ఉండింది. దానికి పేరు కూడా పెట్టుకున్నారు. వాళ్లను అడిగినవాళ్లే లేరు, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్ని కాపాడేది ఎందుకు కష్టం? దీనికి దట్టమైన అడవి పనికిరాదు. ఒట్టి బీడూ పనికిరాదు. కంపలు ఉండాల, మధ్యలో పరుగెత్తేదానికి ఖాళీ నేల ఉండాల. శాస్త్రవేత్తలు లంకమల దగ్గర లెక్కపెట్టి చూస్తే, హెక్టారుకు రెండు మీటర్ల కన్నా ఎత్తు కంపలు 300 నుంచి 700 దాకా, చిన్న కంపలు వెయ్యి లోపల ఉన్న చోటే ఇది ఉండే వీలు ఎక్కువని తేలింది. హెక్టారు అంటే మనకు అర్థం కాదు కాబట్టి లెక్కల సారు దగ్గర కూచుని ఎకరాలకు మార్చినాను. ఎకరాకు పెద్ద కంపలు 120 నుంచి 280. అంటే ఒక పెద్ద కంపకూ ఇంకో కంపకూ మధ్య నాలుగు మీటర్ల నుంచి ఆరు మీటర్ల దాకా ఎడం. మన తరగతి గది అడ్డం అంత ఉంటాది.

మేకలు మేస్తే, కట్టెలు కొడితే పిట్ట పోతుందని అందరూ మనల్నే అంటారు. సగం నిజమే. మరీ ఎక్కువ కొడితే కంప మిగలదు, మందలు తిరిగితే పిట్ట బెదురుతుంది. అయితే ఎవరూ కొట్టకుండా, ఏదీ మేయకుండా వదిలేసినా కంప మూసుకుపోయి ఖాళీ నేల పోతుంది. అది కూడా దానికి చెరుపే. మోపు కట్టెలు కొడితే కంప మళ్లీ చిగురేస్తుంది. మిషను పెట్టి వేర్లతో పెకలించి చీనీ తోటో నిమ్మ తోటో పెడితే ఇంక వచ్చేది లేదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టేది నాకు న్యాయంగా అనిపించదు.

2005లో తెలుగు గంగ కాలువ కోసం మిషన్లు కలివి కోడి ఉండే కంపలోకే వచ్చి తవ్వినాయి. బొంబాయి సొసైటీ వాళ్లు సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయినారు. కాలువ దారి మార్చినారు. నీళ్లు వద్దనేవాళ్లు మన జిల్లాలో ఎవరుంటారు? అందుకే కాలువ ఆపలేదు, పక్కకు తిప్పినారు. అక్క రాసిన హూలాక్ కోతులకు ఆ అదృష్టం లేదు. వాటి హొల్లొంగాపార్ అడవి 21 చదరపు కిలోమీటర్లే. 1887లో దాని నడుమ రైలు పట్టాలు వేసినారు. చెట్టు దిగని జంతువు పట్టాలు ఎట్లా దాటుతాది? కలివి కోడికి రెక్కలున్నాయి, కాలువ దాటగలదు. కానీ కాలువ వచ్చిన చోట కంప పోయి చేను వస్తాది. దాటినా అవతల ఉండేదానికి చోటు ఉండదు.

కనపడని పిట్ట ఉందో లేదో ఎట్లా తెలుస్తాది? దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. ఒకటి, కంపల మధ్య నేల చదును చేసి మెత్తటి మన్ను పరిచి, పొద్దున్నే అడుగులు చూస్తారు. దీనికి ముందుకు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. రెండోది కూత. పొద్దు మునిగిన ముక్కాలు గంటకు మొదలుపెట్టి కొద్ది నిమిషాలు, మహా అంటే ఇరవై నిమిషాలు "క్విక్‌కూ, క్విక్‌కూ" అని సెకనుకు ఒకటి లెక్కన కూస్తుంది. గిబ్బన్లను కూడా పాట విని లెక్కపెడతారంట. దీని గూడు మాత్రం ఇంతవరకు శాస్త్రవేత్తలు ఎవరూ చూడలేదు. 1917లో కోలారు దిక్కున ఏరిన ఒక్క గుడ్డు స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. అది దీనిదేనని 2013లో తెలిసింది.

2009 తర్వాత మళ్లీ జాడ లేదు. 2025 ఆగస్టులో పిట్టలను చూసేవాళ్లు కొందరు మన జిల్లా దిక్కున రాత్రి దీని కూత రికార్డు చేసినారు. సైన్సు టీచరు ఆ వార్త చదివి వినిపించిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా యానాది కాలనీ లంకమల కొండ కిందే ఉంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పినాను. అమ్మ కట్టెల మోపు దించి, "ఆ పిట్ట కోసం మనం పొయ్యి ఆర్పుకోవాల్నా పాపా?" అనింది. గ్యాసు ఉంది కదమ్మా అంటే, "బండ తెచ్చేదానికి లెక్క ఎవరిస్తారు?" అనింది. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఎండు కట్టె ఏరుకుందాం, ఎత్తు కలివి కంపలు మాత్రం కొట్టకుండా వదిలేద్దాం అన్నాను. అమ్మ ఊ అనలేదు, ఊహూ అనలేదు. మరుసటి రోజు తెచ్చిన మోపులో కలివి కట్టె లేదు. నేను విప్పి చూసినాను.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి తీసుకుని కంప అంచున కూచున్నాను. పొద్దు మునిగి ముక్కాలు గంట అయ్యేదాకా వాడు నోరు మూసుకుని కూచోవడమే గొప్ప. ఒక కూత వినిపించింది. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విని చూస్తే అది తీతువు. మళ్లీ సంక్రాంతికి పోయినప్పుడు కూచుంటాం. లంకమల పక్క ఊర్ల నుంచి వచ్చిన అక్కలూ చెల్లెళ్లూ, మీరు కూడా వినండి. టార్చి వేయొద్దు, రాయి వేయొద్దు. మీ తాతనో అవ్వనో అడిగి, వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో ఒక కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. వచ్చే సంచికలో పెడతాను.